ఒంటరిగా పొలము పోవు రైతు – తీసుకొనవలసిన జాగ్రత్తలు



మోట బావుల రోజులలో నీరు తోడుటకు కనీసము ఇద్దరు మనుషులు కావలసి వచ్చెడివారు. ఒకరు ఎడ్లను తోలుచుండగా ఇంకొకరు మడవలు కట్టెడివారు. ప్రక్క చేనిలోను అదే పని, అదే సందడి. ఇప్పుడు మోటారు మీట నొక్కుటకు ఒకరు చాలును. మందు చల్లుటకు ఒకరు, ట్రాక్టరుతో దున్నుటకు ఒకరు. పని తేలికయైనది, సంతోషమే. కాని పని తేలికయైన కొలది పొలములో మనుషులు పలుచబడినారు. కేక వేసినచో పలుకువారు లేరు.

పొలములో ప్రమాదములు పూర్వమును ఉన్నవి, నేడును ఉన్నవి. పాము, పిడుగు, నుయ్యి కొత్తవి కావు. అయితే ఒంటరిగా ఉన్నవానికి చిన్న ప్రమాదమైనను పెద్దదగును. పాము కరచిన పిదప అరగంటలో ఆసుపత్రి చేరినవానికిని, తెల్లవారిన తరువాత గట్టుమీద కనబడినవానికిని విషములో తేడా లేదు. తేడా అంతయు కాలములోనే ఉన్నది. కావున ఈ వ్యాసములో ప్రమాదము రాకుండ చూచుకొను మార్గములతో పాటు, వచ్చినప్పుడు ఆ సంగతి ఇంకొకరికి త్వరగా తెలియు ఏర్పాటును గూర్చి ముఖ్యముగా వ్రాయుచున్నాను. రెండవదానికి పైస ఖర్చు లేదు. అయినను మనలో ఎక్కువమంది దానినే విడిచిపెట్టుచున్నారు.

ఇంట చెప్పి పోవుట

బయలుదేరువానిని "ఎక్కడికి?" అని అడుగరాదని మన ఇండ్లలో ఒక పట్టింపు కలదు. ఆ పట్టింపు మంచిదా చెడ్డదా అని ఇక్కడ వాదించను. దానివలన ఒక నష్టము మాత్రము ఉన్నది: రాత్రి పది గంటలకు నీరు పెట్టబోయిన మనిషి ఏ చేనికి పోయినాడో ఇంటివారికి తెలియదు. దీనికి ఉపాయము సులభము. వారు అడుగకముందే మీరే చెప్పవలెను. "చెరువు క్రింది మడికి పోవుచున్నాను, కాలువ గట్టు మీదుగా పోయెదను, పదకొండున్నరకు వచ్చెదను" – ఈ మూడు ముక్కలు చాలును. ఏ చేను, ఏ దారి, ఎన్ని గంటలకు.

నాలుగవ ముక్క ఒకటి ఉన్నది. దానిని ముందే ఇంటిలో అనుకొని ఉంచవలెను. చెప్పిన వేళకు రానిచో ఎంతసేపు చూడవలెను, పిమ్మట ఎవరిని పంపవలెను? "అరగంట చూచి ఫోను చేయి, ఎత్తనిచో చిన్నాయనను లేపి ఇద్దరు కలిసి రండి" అని నిర్ణయము ఉన్నచో ఇల్లాలు తటపటాయించదు. నిర్ణయము లేనిచో ఏమగును? మీట దగ్గర కూర్చున్నాడేమో, పొరుగువారితో మాటలలో పడినాడేమో అని సరిపెట్టుకొని ఆమె నిద్రపోవును. ఆమె తప్పు లేదు. వెదకుటకు వచ్చువారు మాత్రము ఒక్కరుగా రారాదు, లైటు లేకుండ రారాదు.

ఇంట ఎవరును లేనివారు, ముసలి తల్లిదండ్రులు మాత్రమే ఉన్నవారు చేను ప్రక్క రైతుతో జత కట్టుకొనవలెను. ఒకే కాలువ క్రింద, ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద మోటార్లున్న నలుగురైదుగురు ఎటులైనను ఒకే వేళకు నీరు పెట్టుదురు. పోవునప్పుడు ఒక ఫోను, వచ్చినప్పుడు ఒక ఫోను. వచ్చిన ఫోను రానిచో రెండవవాడు లేచి చూచును. గట్టు తగాదా ఉన్నవారి మధ్యకూడ ఈ ఒక్క ఏర్పాటు ఉండదగును.

ఫోనును గూర్చి రెండు మాటలు. చొక్కా విప్పి చెట్టుకొమ్మకు తగిలించి, అందులో ఫోను ఉంచి, రెండు మళ్ల అవతల పని చేయువానికి ఆ ఫోను లేనట్లే. అది ఒంటిమీద ఉండవలెను. నీటి పని అయినచో ప్లాస్టిక్ సంచిలో చుట్టి మొలకు కట్టుకొనవచ్చును. మీ పొలములో సిగ్నలు ఎక్కడ అందునో, ఎక్కడ అందదో పగటివేళ తిరిగి చూచి ఉంచుకొనుడు. ఇంకొకటి: 108కి ఫోను చేసినప్పుడు స్థలము చెప్పవలసివచ్చును. "మా చేను" అన్నచో బండివారికి తెలియదు. ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ గుడి లేక వంతెన దగ్గర మలుపు అనునవి ముందే ఆలోచించి ఉంచుకొని, బండి వచ్చు చోటికి ఒక మనిషిని పంపవలెను.

మోటారు దగ్గర

కరెంటు ప్రమాదములో ఒంటరితనము ఎందుకు ప్రాణాంతకమో తెలిసికొనుట అవసరము. మన మోటార్లకు వచ్చు కరెంటు చేతికి తగిలినప్పుడు అరచేతి కండరములు ముడుచుకొనిపోవును. వదలుదమన్నను చేయి వదలదు. నూరు వాట్ల బల్బు తీసికొను కరెంటులో సుమారు 30వ వంతు చాలును, పట్టుకొన్నవాడు తనంతట తాను విడిపించుకొనలేడు. ప్రక్కన మనిషి ఉన్నచో మీట ఆపును. లేనిచో ఆపువారు లేరు. తడి నేలమీద, చెప్పులు లేని కాళ్లతో ఉన్నచో కరెంటు మరింత సులువుగా దేహములో ప్రవహించును.

కావున మోటారు పనులను రెండు రకములుగా విడదీసికొనుడు. మీట నొక్కుట, ఆపుట, నీరు చూచుకొనుట ఒంటరిగా చేయదగిన పనులు. అయితే స్టార్టరు ఇనుప పెట్టెకును, మోటారుకును సరియైన ఎర్తు ఉండవలెను. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొట్టము వేసవిలో ఎండిపోయినచో పని చేయదు; అప్పుడప్పుడు ఆ గుంతలో రెండు బిందెల నీరు పోయవలెను. స్టార్టరు ముందు ఎండిన చెక్క పలక వేసి దానిమీద నిలువవలెను. చేతులు తుడుచుకొనవలెను. పెట్టె ముట్టుకొన్నప్పుడు ఏ మాత్రము జుమ్మన్నను ఆ దినము మోటారు వేయరాదు. "కొంచెమే కొట్టుచున్నది" అని నెలల తరబడి సరిపెట్టుకొనువారు ఉన్నారు. పొడి నేలమీద కొంచెము కొట్టినది వానకురిసిన రాత్రి కొంచెముతో పోదు. కరెంటు నేలకు కారినచో తక్షణము ఆపివేయు ఈఎల్‌సీబీ అను పరికరమును మంచి ఎలక్ట్రీషియనుచేత పెట్టించుకొన్నచో ఇంకను మేలు.

స్టార్టరు పెట్టె మూత తీసి లోపల చేయి పెట్టుట, తీగల అతుకులు విప్పుట, బోరులోనుండి మోటారు పైకి లాగుట – ఇవి ఒంటరిగా చేయరాని పనులు. ఆటో స్టార్టరు ఉన్నచోట కరెంటు పోయినదని మోటారు వద్ద పని చేయుచుండగా, కరెంటు వచ్చిన మరుక్షణము మోటారు దానంతట అదే తిరుగును. కరెంటు లేకపోవుట వేరు, మీట ఆపియుండుట వేరు. ఆపి, వీలైనచో ఫీజులు పీకి జేబులో వేసికొని పని మొదలు పెట్టవలెను.

ట్రాన్స్‌ఫార్మరు పని ఈ రెండు రకములలోను చేరదు. అది రైతు ఒంటరిగాను చేయరాదు, పదిమంది కలిసియు చేయరాదు. ఫీజు ఎగిరిపోయి పైరు ఎండుచుండగా, లైన్‌మన్ రాకపోయినచో రైతుకు ఎంత ఆరాటముగా ఉండునో నాకు తెలియును. కాని పైనున్న తీగలలో 11,000 వోల్టులున్నవి. దానిని ముట్టుకొననక్కరలేదు, దాపునకు పోయినను చాలును. క్రింది వైపు సంగతి మరియొకటి. ఒక ఫేజు ఫీజు పోయినప్పుడు ఆ తీగ చచ్చినదని చాలమంది నమ్ముదురు. కాని అదే ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఇతరుల మోటార్లు కలిపియున్నచో, మిగిలిన రెండు ఫేజుల కరెంటు ఆ మోటారు చుట్లగుండా తిరిగి ఈ తీగలోనికి వచ్చును. చచ్చినదనుకొన్న తీగ బ్రతికియుండును. అందుచేత 1912కు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించి, లైన్‌మన్ వచ్చువరకు వేచియుండవలెను. ఒక తడి తప్పినచో పైరు కొంత దెబ్బతినును గాని మరల కోలుకొనుటకు అవకాశమున్నది.

అడవిపందులకై చేను చుట్టు కరెంటు తీగ పెట్టు దురలవాటు కొన్ని ప్రాంతములలో ఇంకను ఉన్నది. ఇది నేరము. ఆ తీగకు తగిలి చనిపోవువారిలో రాత్రిపూట ఒంటరిగా నీటికి పోవు పొరుగు రైతులును, పెట్టిన రైతులే స్వయముగాను ఉన్నారు. సౌర కంచె వేరు. అందులో కరెంటు క్షణకాలము తగిలి ఆగిపోవునట్లు యంత్రము ఉండును. స్తంభమునుండి నేరుగా లాగిన తీగకు అట్టి దయ లేదు.

కరెంటు తగిలి పడియున్న మనిషిని చూచినచో ముందు మీట ఆపవలెను. ఆపుట కుదరనిచో ఎండిన కర్రతో తీగను త్రోయవలెను. అతనిని మాత్రము ముట్టుకొనరాదు. హై టెన్షను తీగ అయినచో కర్రతోకూడ దగ్గరకు పోరాదు, లైను ఆపించవలెను. విడిపించిన తరువాత ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 మారుల చొప్పున, రెండంగుళముల లోతు దిగునట్లు గట్టిగా నొక్కుచు ఉండవలెను. గుండె ఆగిన నాలుగైదు నిమిషములలో మెదడు దెబ్బతినుట మొదలగును. 108 బండి వచ్చువరకు ఆపరాదు. ఈ పనిని ఇంటిలో ఇద్దరైనను నేర్చుకొని ఉండుట మంచిది.

బావిలో దిగునప్పుడు

పాత బావి పూడిక తీయుటకో, అడుగున ఉన్న పంపు బాగు చేయుటకో దిగి పైకి రానివారి వార్తలు ప్రతి వేసవిలోను వినుచున్నాము. ఇందులో దయ్యము లేదు, శాపము లేదు. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతము. వాడకములో లేని బావిలో ఆకు అలము కుళ్లి, ఆ ప్రాణవాయువు ఖర్చయిపోయి బొగ్గుపులుసు గాలి నిండును. అది మామూలు గాలికంటె బరువు గనుక అడుగుననే నిలిచియుండును. ప్రాణవాయువు 10 శాతమునకు దిగినచో స్పృహ తప్పును. ఇంకను తగ్గినచో రెండు మూడు గుక్కలలోనే మనిషి కూలును. కేక వేయు వ్యవధి ఉండదు. బావి అడుగున డీజిలు ఇంజను నడపినచోట ఇంకొక విషవాయువు, కార్బన్ మోనాక్సైడు, చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు.

దీపము దింపి చూచు పాత పద్ధతి మంచిదే, కాని అరకొరది. దీపము ఆరినచో దిగరాదు, అంతవరకు నిజము. ఆరనిచో దిగవచ్చునని మాత్రము అర్థము కాదు. ప్రాణవాయువు సుమారు 16 శాతమునకు తగ్గువరకు దీపము వెలుగుచునే ఉండును. ఇంజను పొగలోని విషవాయువును అది అసలే కనిపెట్టలేదు. పేడగ్యాసు గుంత వద్ద దీపము తెచ్చుట అగ్గిని చేజేత పిలుచుటయే. గాలిలోని ప్రాణవాయువును, విషవాయువులను కొలుచు చిన్న యంత్రములు ఇప్పుడు దొరకుచున్నవి. బావులు తవ్వు, పూడిక తీయు ముఠాలవారు అది ఒకటి కొనియుంచుకొనుట ధర్మము.

యంత్రము లేనిచోట తొట్టి బావిలోనికి బ్లోయరుతో గాలి కొట్టవలెను. పని జరుగునంతసేపును గాలి కొట్టుచునే ఉండవలెను. వేపమండలు తాడుకు కట్టి పైకి క్రిందికి ఊపుట, బిందెలతో నీరు గుమ్మరించుట కొంత గాలిని కదిలించునే గాని వానినే నమ్ముకొని దిగరాదు.

దిగువాని నడుముకును భుజములకును తాడు కట్టియుండవలెను. గట్టున ఒక్కరు ఉన్నచో చాలునని అనుకొనుచున్నారు; చాలదు. స్పృహ లేని మనిషి బరువును ఒక్కడు నలుబది అడుగుల లోతునుండి లాగలేడు. గట్టిగా నిలిపిన గిలకయు, ముగ్గురు మనుషులును కావలెను. ఒకరు మాటిమాటికి పలకరించుచు ఉండవలెను. పలుకు ఆగినచో "ఏమయినది?" అని తొంగిచూచుట కాదు, లాగుటయే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. అన్న దిగి కూలినచో తమ్ముడు దిగును. తమ్ముడు కూలినచో బావమరిది దిగును. అమెరికాలో కార్మికుల క్షేమమును పరిశీలించు నయోష్ అను ప్రభుత్వ సంస్థ 1986లో వెలువరించిన హెచ్చరిక ప్రకారము, ఇటువంటి మూసికొనిపోయిన చోట్ల చనిపోయినవారిలో 60 శాతమునకు పైగా కాపాడబోయినవారే. ఆ క్షణములో మనసు నిలువదు, నిజమే. అందుచేతనే దిగకముందే నలుగురి ఎదుట అనుకొనవలెను: "నేను పడినచో తాడు లాగుడు, 101కి ఫోను చేయుడు, గాలి కొట్టుడు, ఎవరును దిగరాదు." ఈ నియమము పేడగ్యాసు గుంతకును, మరుగుదొడ్డి ట్యాంకుకును అట్లే వర్తించును.

పాము

రాత్రి నీటికి పోవువాడు మోకాలి క్రిందివరకు వచ్చు రబ్బరు బూట్లు తొడుగుకొని, చేత కర్రయు, లైటును పట్టుకొని, నేలను తట్టుచు నడువవలెను. కావలికి పండుకొనువారు నేలమీద పండుకొనరాదు. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ, నిద్రలో ఉన్నవారిని కరచును. ఆ కాటు చీమ కుట్టినంతకూడ నొప్పి పెట్టకపోవచ్చును, వాపు ఉండకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవుట, మాట ముద్దగా వచ్చుట కనబడినచో అజీర్ణమని కషాయము పోసి కూర్చుండరాదు. మంచె, మంచము, అంచులు పరుపు క్రింద దోపిన దోమతెర – ఈ మూడును మంచి మందులే.

ఒంటరిగా ఉండగా పాము కరచినచో మొదటి పని ఫోను. తరువాత కూర్చుండుట. ఉంగరములు, కడియములు, మెట్టెలు వెంటనే తీసివేయవలెను. వాచిన తరువాత రావు. కరచిన కాలును కదల్చకుండ ఉంచవలెను. త్రాటితో బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట, నోటితో పీల్చుట హానికరములు. పామును వెదకి చంపుటలో సమయము పోగొట్టరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని పనిచేయు విరుగుడు మందు ఒకటే. పాము పేరు తెలియకున్నను లక్షణములనుబట్టి వైద్యులు దానిని ఇత్తురు. ఫోను లేనిచో, పిలిచినను పలుకువారు లేనిచో, మెల్లగా నడచి దాపునున్న మనుషుల వద్దకు చేరవలసినదే, పరుగెత్తరాదు. మోటారు సైకిలు మీరే నడుపరాదు. దారిలో చూపు మసకలైనచో రెండవ ప్రమాదమగును. ఇద్దరి నడుమ కూర్చుండి పోవలెను. మంత్రగాని ఇంటిమీదుగా పోవు దారి ఎప్పుడును దూరపు దారియే.

మందు చల్లునప్పుడు

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో ప్రత్తికి పురుగుమందులు చల్లుచు పలువురు రైతులు, కూలీలు మరణించినారు. వందలమంది ఆసుపత్రుల పాలయినారు. ఆ జిల్లా మన ఆదిలాబాదును ఆనుకొనియే ఉన్నది, పైరును అదే. మనిషి ఎత్తు పెరిగిన ప్రత్తిలో చల్లిన మందు తిరిగి ముఖముమీదను ఒంటిమీదను పడును. చర్మముగుండా దేహములో ప్రవేశించును.

ఒంటరిగా చల్లువానికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. విషము ఎక్కుచున్నదని ఎక్కినవానికి సరిగా తెలియదు. తల తిరుగుట ఎండవలననియు, చెమట పనివలననియు అనుకొనును. గట్టున ఉన్న రెండవ మనిషి మాత్రము చొల్లు కారుట, కండలు అదరుట, కంటిపాప సూదిమొనంత చిన్నదగుట చూచి గుర్తించగలడు. కావున డబ్బామీద ఎరుపు లేక పసుపు త్రికోణపు గుర్తున్న మందును ఒంటరిగా చల్లరాదు. లక్షణములు కనబడినచో బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏ మందు అనునది తెలిసినచో వైద్యునికి సగము పని తీరును. గడ్డిమందులలో పారాక్వాట్‌కు విరుగుడే లేదని గుర్తుంచుకొనుడు.

ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి ఒంటరిగా దున్నువారు, చుట్టుకొన్న గడ్డి తీయుటకు దిగునప్పుడు ఇంజను ఆపియే దిగవలెను. కండువా మెడలో ఉంచుకొనరాదు. ఉరుము వినబడినచో చెట్టు క్రిందికి పోక ఇంటికి పోవలెను. వీనినిగూర్చి వేరుగా వ్రాయవలసియున్నది.

ఈ వారములోనే చేయదగిన పని ఒకటి. రంగు డబ్బాయు కుంచెయు తీసికొని, మోటారు గది తలుపుమీద లేక స్టార్టరు స్తంభముమీద, 108, 101, 1912 అను అంకెలను, మీ ఇంటి ఫోను నంబరును, ప్రక్క చేను రైతు నంబరును, రోడ్డునుండి ఆ చేనికి వచ్చు గుర్తులను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. లైటు వెలుతురులోకూడ కనబడునట్లు తెల్లరంగు వాడుడు. మీరు మాటాడలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆ దారిన పోవు ఏ బాటసారియైనను వానిని చదివి ఫోను చేయగలడు.